తీసకపోమ్మా అనే మాట, తగ్గిన అయిదు కిలోలు

ప్రశ్న: మాది కావలి. నాయన పోయి నాలుగేళ్లయింది. అమ్మకు 76. షుగరు, బీపీ ఉన్నాయి. నేనూ మా ఆయనా ఇద్దరం ఉద్యోగాలకు పోతాం, అన్న బెంగళూరులో ఉంటాడు. అల్లూరు దగ్గర పల్లెలో ఉన్న ఇంటికి తాళం వేసి, మూడు నెలల కింద అమ్మను నెల్లూరులో నెలనెలా డబ్బు కట్టే ఆశ్రమంలో చేర్చాం. 52 కిలోలు ఉండే మనిషి 47కి వచ్చింది. పోయిన వారం తెల్లవారుజామున బాత్రూముకు పోతూ పడింది. దెబ్బలేం లేవన్నారు. ఆదివారం సాయంత్రం వెళ్తే చెయ్యి వదలదు. "తీసకపోమ్మా, ఈడ ఉండలేను" అని ఏడుస్తుంది. ఆశ్రమం వాళ్లేమో "మీరొచ్చినప్పుడే ఇట్ట, మిగతా రోజులు బాగానే ఉంటుంది" అంటారు. "అమ్మను అనాథను చేశావు" అని అన్న ఫోనులో తిడుతున్నాడు. ఇల్లు తన పేరున రాయిస్తే తానే చూసుకుంటాడట. నేను తప్పు చేశానా? మాత్రల చీటీ జత చేశాను.

జవాబు: తప్పు చేశారా లేదా అన్నది ఒక నెల పక్కన పెట్టండమ్మా. ముందు ఆ అయిదు కిలోల సంగతి చూడాలి. కావాలని తగ్గని మనిషి ఆరు నెలల్లో బరువులో ఇరవయ్యో వంతు పోగొట్టుకున్నా డాక్టరుకు చూపించాల్సిందే. మీ అమ్మగారికి అందులో సగం కాలంలోనే దానికి దాదాపు రెట్టింపు పోయింది. బెంగ పెట్టుకుంది అని అందరూ అంటారు, నిజంగా పెట్టుకుని ఉండొచ్చు కూడా. కాకపోతే ఆ ఒక్క మాట అనుకున్నాక ఇంక ఎవరూ ఆమె నోరు తెరిపించి చూడరు, రక్తపరీక్ష చేయించరు.

ఈసారి ఆదివారం సాయంత్రం వద్దు. ఒకరోజు సెలవు పెట్టి పగలు పదకొండున్నరకల్లా వెళ్లండి, ముందుగా చెప్పకుండా. భోజనాల వేళ అమ్మ పక్కన కూర్చుంటానంటే మంచి ఆశ్రమం వద్దనదు. వద్దంటే, అక్కడి సంగతి మీకు కొంత తెలిసినట్టే. ఎంత వడ్డించారు, ఎంత వదిలేసింది, ఎంతసేపు తిన్నది గమనించండి. ఒకవైపే నములుతోందా? ప్రతి ముద్దకూ నీళ్లు తాగుతోందా? మింగగానే దగ్గు వస్తోందా? తిన్నాక టార్చిలైటు వేసి నోరు చూడండి. కట్టుడు పళ్లుంటే తీయించి చూడండి. మనిషి చిక్కితే చిగుళ్లూ తగ్గుతాయి, పళ్ల సెట్టు వదులై కదులుతుంది, కింద ఒరుసుకుని పుండవుతుంది. అప్పుడు మెత్తగా మింగగలిగిందే తింటారు. రాత్రిపూట సెట్టు తీసి నీళ్లలో వేస్తున్నారో లేదో అడగండి. నాలుక మీద తెల్లగా పూతలా ఉంటే, ముఖ్యంగా షుగరు ఉన్నవాళ్లలో, అది ఫంగస్ కావచ్చు. మందుతో పోతుంది.

ఇక తిండి. మన నెల్లూరు వైపు మనిషికి పులుపూ కారం తగలని ముద్ద గొంతు దిగదు. అందరికీ కలిపి వండేచోట చప్పిడి కూర, పలచటి చారు తప్పవు. బీపీకి ఉప్పు తగ్గించాలి, అది నిజమే. చింతపండు మీద పగ దేనికి? 47 కిలోల మనిషికి, కిడ్నీలు బాగుంటే, రోజుకు 50 గ్రాముల దాకా ప్రోటీను కావాలి. చారన్నం, మజ్జిగన్నంతో అందులో సగం రావడమే కష్టం. ఒక గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో ఇంచుమించు అంతే, 100 గ్రాముల చేపలో 20 దాకా ఉంటుంది. వెళ్లేటప్పుడు పండ్లు, బిస్కెట్లు మానేసి ఉప్పు తగ్గించి చేసిన కొరమీను పులుసు పట్టుకెళ్లండి, ముల్లు ఏరి. చింతపండు పులుసు రెండో రోజు ఇంకా బాగుంటుంది కదా, వాళ్ల ఫ్రిజ్‌లో పెట్టనిస్తారేమో అడగండి. రోజూ పొద్దున ఒక గుడ్డు, నాలుగింటికి పాలు అదనంగా ఇమ్మని డబ్బు కట్టి కాగితం మీద రాయించండి. నోటిమాటగా చెప్పింది డ్యూటీ మారగానే పోతుంది. వారానికోసారి ఒకే కాటా మీద, పొద్దున టిఫినుకు ముందు బరువు చూసి మీకు మెసేజ్ పెట్టమనండి.

చీటీ చూశాక నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రలు. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన షుగరు మాత్ర రెండుపూటలా ఉంది. మెట్‌ఫార్మిన్ కొందరికి ఆకలి చంపేస్తుంది. గ్లిమిపిరైడ్ అయితే తిన్నా తినకపోయినా షుగరును కిందికి లాగుతుంది. ఆశ్రమాల్లో రాత్రి భోజనం తొందరగా, ఆరున్నరకో ఏడింటికో అయిపోతుంది. అదీ సగమే తిని మాత్ర పూర్తిగా వేసుకుంటే తెల్లవారుజాముకు షుగరు పడిపోవచ్చు. ఆమె పడింది ఆ వేళకే కదా. రెండు రోజులు రాత్రి 3 గంటలకు గ్లూకోమీటరుతో చూడమనండి. 70 కంటే తక్కువ ఉంటే, మెలకువగా ఉన్న మనిషికి మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చెయ్యాలి. బరువు 52 ఉన్నప్పుడు రాసిన మోతాదు 47కి సరిపోతుందని ఎవరూ అనుకోకూడదు. డాక్టరును ఆ ముక్కే అడగండి.

అదే చీటీలో మూత్రం ఎక్కువ పోయే మాత్ర రాత్రికి ఉంది. పొద్దునకు మార్చవచ్చేమో అడగండి, రాత్రి లేవడం తగ్గుతుంది. ఆశ్రమంలో కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర ఈ వయసులో మనిషిని తూలిపడేస్తుంది. మోకాళ్లకు వాడే డైక్లోఫెనాక్, మీ అమ్మగారు వాడే టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్ర, ఆ మూత్రం మాత్ర, ఈ మూడూ కలిస్తే కిడ్నీల మీద పడతాయి. ఎండాకాలం, నీళ్లు సరిగా తాగని మనిషికి మరీను. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించి, నొప్పికి పారాసిటమాల్ సరిపోతుందేమో కనుక్కోండి. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపొద్దు.

పడినప్పుడు తల తగిలిందా? ఈ ప్రశ్న ఈరోజే అడగండి. ఆమె క్లోపిడోగ్రెల్ వాడుతోంది. రక్తం పలచబడే మాత్ర మీద ఉన్నవాళ్లకు తల తగిలితే, పైకి బొప్పి కనపడకపోయినా డాక్టరుకు చూపించాలి. లోపల రక్తం మెల్లగా చేరి రెండు మూడు వారాల తర్వాత బయటపడొచ్చు. మగతగా పడుకోవడం, తలనొప్పి, కాలు ఈడ్వడం, మాట తడబడటం కనిపిస్తే అదే రోజు సీటీ స్కాన్. ఇంకోటి, పడుకోబెట్టి బీపీ చూసి, నిలబెట్టిన ఒక నిమిషానికి, మూడో నిమిషానికి మళ్లీ చూడమనండి. పై అంకె 20 పడిపోతే బీపీ మాత్రల సంగతి తేల్చాలి. ఈలోగా లేచే ముందు మంచం అంచున కాళ్లు వేలాడేసి రెండు నిమిషాలు కూర్చోవాలి. బాత్రూము దారిలో రాత్రంతా చిన్న బల్బు వెలగాలి. అరిగిన హవాయి చెప్పులు తీసేసి వెనక పట్టీ ఉన్నవి కొనివ్వండి.

మీ అన్న సంగతి. రోజూ మధ్యాహ్నం ఒకటిన్నరకు వీడియో కాల్ చేసి "ఏం తిన్నావు" అని అడిగే పని ఆయనకు అప్పగించండి, తిట్టడానికి తీరిక ఉన్నప్పుడు దీనికీ ఉంటుంది. ఇల్లు రాయించే మాట ఇప్పుడు వద్దు. ఇంత నీరసంగా ఉన్న మనిషి చేత సంతకాలు పెట్టించకూడదు. రేపు ఆమె తనంతట తాను రాయాలనుకుంటే, చూసుకోవాలన్న షరతు గిఫ్టు డీడులోనే ఉండాలి. అలా ఉంటేనే, చూడని పక్షంలో 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం 23వ సెక్షను కింద ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌లో రద్దు చేయించుకోవడానికి గట్టి ఆధారం ఉంటుంది. ఆశ్రమంలో నిర్లక్ష్యం కనబడితే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567.

ఏడుపు దగ్గరికొస్తే, "తీసకపో" అన్నప్పుడు "వచ్చే నెల తీసుకుపోతాలే" అని అబద్ధం చెప్పకండి. ఆమె నెల లెక్కపెట్టుకుంటుంది. "యాడికి పోదామమ్మా?" అని అడిగి చూడండి. ఆమె అడిగే ఇల్లు మీ కావలి ఇల్లు కాకపోవచ్చు, తాళం వేసిన అల్లూరు ఇల్లు కావచ్చు. తల సంగతి, షుగరు సంగతి తేలాక ఒకరోజు పొద్దున్నే మధ్యాహ్నపు మాత్రలూ గ్లూకోమీటరూ సంచిలో వేసుకుని అక్కడికి తీసుకెళ్లండి. తాళంచెవి ఆమె చేతికే ఇవ్వండి. అన్నం అక్కడే వండి పెట్టి, చీకటి పడకముందు నెల్లూరు చేర్చండి. నాలుగు వారాల బరువులు చేతిలో ఉంటాయి కదా. 47 దగ్గర నిలిచినా, కాస్త పెరిగినా అక్కడే ఉంచి చూడొచ్చు. తిండీ మాత్రలూ సరిచేశాక కూడా 46కి దిగితే కావలికి తెచ్చుకోండి. పగటిపూట మనిషిని పెట్టుకునే జీతంలో సగం అన్నను కట్టమనండి.