కళలు, శాస్త్రాలు, డేటా ఒకే కోర్సులో: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మాయికి చరిత్ర, భాష ఎంత ఇష్టమో గణితమూ అంతే ఇష్టం. కళలు, విజ్ఞానశాస్త్రాలు, డేటా సైన్సు కలిపి బోధించే డిగ్రీలో చేరతానంటోంది. అన్నీ కొంచెం కొంచెం నేర్చుకుని చివరికి ఏదీ గట్టిగా రాకుండా పోతుందని మా బావగారు హెచ్చరిస్తున్నారు. మీరేమంటారు?

జవాబు: మీ బావగారి భయాన్ని నేను కొట్టిపారేయను. ఇంటర్‌డిసిప్లినరీ అని పేరు పెట్టుకున్న కొన్ని కోర్సులు ఒకరోజు సాహిత్యం, మరునాడు జీవశాస్త్రం, ఆ మరునాడు ప్రోగ్రామింగ్ చెప్పి, ఆ మూడింటినీ కలిపే భారాన్ని విద్యార్థికే వదిలేస్తాయి. పక్కపక్కన పేర్చినంత మాత్రాన సబ్జెక్టులు కలవవు. ఏ శాస్త్రమూ ఒంటరిగా జవాబు చెప్పలేని ప్రశ్న ఒకటి ఎదురైనప్పుడే అవి నిజంగా కలుస్తాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. క్రీ.శ. 79లో ఇటలీలోని వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు హెర్క్యులేనియం పట్టణంలోని ఒక గ్రంథాలయంలో ఉన్న పపైరస్ (ఒక రకం రెల్లుతో చేసిన ప్రాచీన కాగితం) చుట్టలు బొగ్గులా మారిపోయాయి. 18వ శతాబ్దంలో అవి బయటపడ్డాయి కానీ, విప్పబోతే ముక్కలు ముక్కలుగా రాలిపోయేవి. చుట్టను విప్పకుండానే ఎక్స్‌రేలతో లోపలి పొరలను చిత్రించడానికి భౌతికశాస్త్రం కావలసి వచ్చింది. ఆ పొరలను కంప్యూటర్‌లో విడదీసి చదును చేయడానికి జ్యామితి, ప్రోగ్రామింగ్ కావలసి వచ్చాయి. బొగ్గయిన పపైరస్ మీద కార్బన్ సిరా ఎక్స్‌రేలకు దాదాపు కనిపించదు కాబట్టి, దాని జాడను పసిగట్టడానికి మెషీన్ లెర్నింగ్, అంటే ఉదాహరణలు చూసి కంప్యూటరే నేర్చుకునే పద్ధతి, తోడైంది. 2023లో అలా బయటపడిన మొదటి మాటకు గ్రీకులో ఊదా రంగు అని అర్థం. దాన్ని పట్టుకున్నది ఒక కంప్యూటర్ సైన్సు విద్యార్థి. అయితే తెర మీద కనిపించిన ఆ మసక గీతలు నిజంగా అక్షరాలేనని, అవి ఫలానా పదమేనని నిర్ధారించవలసింది మాత్రం ప్రాచీన గ్రీకు రాతలు చదివే పండితులే. వారు లేకపోతే ఆ ఫలితానికి విలువ ఉండేది కాదు.

డేటా వైపు నుంచి చూసినా ఇదే అవసరం కనిపిస్తుంది. ముఖం చూసి ఆడా మగా చెప్పే మూడు వాణిజ్య సాఫ్ట్‌వేర్‌లను పరీక్షించిన పరిశోధన ఒకటి 2018లో వెలువడింది. తెల్లని చాయ ఉన్న పురుషుల విషయంలో వాటి పొరపాట్లు 0.8 శాతానికి మించలేదు, నల్లని చాయ ఉన్న స్త్రీల విషయంలో మాత్రం 34.7 శాతం దాకా వెళ్లాయి. అప్పట్లో ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లను సరిచూడడానికి వాడే ముఖచిత్రాల సేకరణల్లో తెల్లని చాయ ముఖాలదే పెద్ద వాటా. ఎవరి ముఖాలు సేకరణలో చేరాయి, ఎవరివి చేరలేదు అని అడగడం సమాజశాస్త్రం, చరిత్ర చదివినవారికి అలవాటైన పని. ఆ అలవాటు లేనివారికి మొత్తం సగటు బాగానే ఉందనిపిస్తుంది.

కాబట్టి కోర్సు పేరు చూసి మురిసిపోకుండా సిలబస్ తెప్పించుకుని చూడండి. ఏదో ఒక శాస్త్రాన్ని మొదటి ఏడాది నుంచి చివరి దాకా లోతుగా చదివే వీలుందా? నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే, ఎందుకంటే తనదంటూ ఒక శాస్త్రం లేని విద్యార్థి పక్క శాస్త్రంవారితో కలిసి కూర్చున్నప్పుడు ఇవ్వగలిగింది ఏమీ ఉండదు. సంభావ్యత, గణాంకశాస్త్రం అందరికీ తప్పనిసరా? చివరి ఏడాది ప్రాజెక్టుకు రెండు వేర్వేరు విభాగాల అధ్యాపకులు మార్గదర్శకులుగా ఉంటారా? వీలైతే పాత విద్యార్థుల ప్రాజెక్టులు నాలుగైదు అడిగి చదవండి. వీటికి సరైన జవాబులు దొరికితే మీ అమ్మాయిని నిస్సంకోచంగా చేర్పించండి.

ప్రశ్న: నేను తెలుగు సాహిత్య విద్యార్థిని. నేను చేరిన కోర్సులో డేటా పాఠాలు తప్పనిసరి. గణితం పదో తరగతితోనే వదిలేశాను. నెగ్గుకు రాగలనా?

జవాబు: రాగలరు. మీకు తెలిసిన చోటు నుంచే మొదలుపెట్టండి. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. నాలుగు మాత్రలను గురులఘువులతో ఎన్ని రకాలుగా నింపవచ్చో కాగితం మీద వేసి చూడండి, ఐదు వస్తాయి. ఐదు మాత్రలకు ఎనిమిది, ఆరింటికి పదమూడు. చివరిది లఘువైతే ఒక మాత్ర తక్కువ ఉన్న అమరికలు, గురువైతే రెండు మాత్రలు తక్కువ ఉన్న అమరికలు మిగులుతాయి కాబట్టి, ప్రతి సంఖ్యా తన ముందున్న రెండింటి మొత్తం అవుతుంది. 1202లో గ్రంథం రాసిన ఇటలీ గణితజ్ఞుడు ఫిబొనాచీ పేరుతో లోకం పిలుస్తున్న ఈ వరుసను 12వ శతాబ్దంలోనే జైన పండితుడు హేమచంద్రుడు ఛందస్సు సందర్భంగా చెప్పాడు. మీరు వదిలేశాననుకున్న గణితం మీ చదువులోనే ఉంది.

సగటు, విస్తరణ (విలువలు సగటు నుంచి ఎంత దూరం చెదిరి ఉన్నాయన్నది), సంభావ్యత అనే క్రమంలో, మొదట కాగితం మీదే లెక్కలు చేయండి. కోడింగ్ ఆ తర్వాత. మొదటి ప్రాజెక్టుగా పద్యాల్లో గురులఘువులను గుర్తించే చిన్న ప్రోగ్రాం రాయండి. దీర్ఘాక్షరాలు, సున్నా ఉన్న అక్షరాలు, ఒకే పదంలో సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరాలు, వీటిని యంత్రం సులువుగానే పట్టుకుంటుంది. పదం చివరి అక్షరం తర్వాత కొత్త పదం సంయుక్తాక్షరంతో మొదలైనప్పుడు చిక్కు వస్తుంది: అవి రెండు విడి తెలుగు పదాలైతే ముందున్న అక్షరం గురువు కాదు, సంస్కృత సమాసమైతే అవుతుంది. అది సమాసమా కాదా అని ప్రోగ్రాంకు ఎలా చెప్పాలన్న చర్చలో, మీ తరగతిలోని గణిత విద్యార్థులు మీ వైపే తిరుగుతారు.