సీపాప్ పెట్టుకొని పక్కకు తిరిగి పడుకోవచ్చా? పడుకోవచ్చు, ముందు దిండు మార్చండి

ప్రశ్న అడిగినాయన బాధ నాకు బాగా తెలుసు. స్లీప్ ఆప్నియాకు, అంటే నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బుకు, మాస్కులోంచి గాలి ఊదే ఈ సీపాప్ మిషన్ ఇచ్చారు, వెల్లకిలా పడుకుంటే నిద్ర పట్టదు, పక్కకు తిరిగితే మాస్కు జరిగి గాలి బుస్సుమని కళ్లల్లోకి కొడుతుంది, మరి ఎట్లా పడుకోవాలి అన్నారు. నేను నాలుగేళ్లుగా ఈ మిషన్‌తో కాపురం చేస్తున్నాను. మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమస్తాను, డాక్టర్ని కాను. కానీ పడుకునే విషయంలో మాత్రం డాక్టర్ల కన్నా నాకే ఎక్కువ తెలుసని నా నమ్మకం. వాళ్లెవరూ దీన్ని ముక్కుకు కట్టుకొని పడుకోరు కదా.

జవాబు ఒక్క మాటలో చెప్తాను. పక్కకే పడుకోండి. వెల్లకిలా పడుకుంటే నాలుక, దాని వెనక ఉండే మెత్తటి కండ గొంతులోకి జారి దారి మూస్తాయి. చాలామందికి గురక, ఊపిరి ఆగడం వెల్లకిలా ఉన్నప్పుడే ఎక్కువ. పక్కకు తిరిగితే దారి కొంచెం తెరుచుకొని ఉంటుంది కాబట్టి మిషన్ తక్కువ ప్రెషర్‌తో పని కానిస్తుంది. నాది ప్రెషర్‌ను తనే పెంచుకొని తగ్గించుకునే ఆటో మిషన్. పక్కకు పడుకున్న రాత్రి 8, 9 దగ్గర నడుస్తుంది. వెల్లకిలా పడుకున్నానంటే 13 దాటుతుంది. ప్రెషర్ పెరిగే కొద్దీ మాస్కు సందుల్లోంచి గాలి తన్నుకొని వస్తుంది. అంటే లీకు అవుతోందని భయపడి వెల్లకిలా పడుకునేవాళ్లు లీకును ఇంకా పెంచుకుంటున్నట్టే.

ఈ మాట నాకు మాస్కు అమ్మినాయన చెప్పలేదు. ఊరు పేరు, షాపు పేరు ఎందుకులెండి. ఏసీ గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, మాస్కు తగిలించి, వెనక బెల్టులు టకటకా బిగించి, "పర్ఫెక్ట్ సార్, శవాసనం వేసినట్టు పడుకోండి" అన్నాడు. పగలంతా వేబ్రిడ్జి దగ్గర లారీల వాళ్లతో గొంతు చించుకునే మనిషిని రాత్రికి శవంలా పడుకోమంటాడు. యాభై ఏళ్లు కుడి పక్కకో ఎడమ పక్కకో ముడుచుకొని పడుకున్న ఒళ్లు ఒక్క రోజులో మారుతుందా? అసలు కూర్చోబెట్టి మాస్కు కొలవడమే తప్పు. పడుకుంటే బుగ్గలు జారుతాయి, దవడ వదులవుతుంది, కూర్చున్నప్పటి ముఖం వేరు, పడుకున్నప్పటి ముఖం వేరు. పడుకొని, మిషన్ ఆన్ చేసి, గాలి వస్తుండగా బెల్టులు సర్దుకోవాలి. ఎంత బిగిస్తే అంత మంచిదనుకోకండి. బిగించిన కొద్దీ ముక్కు దగ్గరి సిలికాన్ మెత్త ముడతపడి గాలి ఇంకా ఎక్కువ పోతుంది. నేను మొదటి నెలంతా బిగించుకొనే పడుకున్నాను. పొద్దున బుగ్గల మీద ఎద్దుకు పలుపు గుర్తులున్నట్టు గీతలు, రాత్రంతా గాలి తగిలి కళ్లు ఎర్రగా చింతనిప్పుల్లా ఉండేవి. మిల్లులో హమాలీలు "రాత్రి జర ఎక్కువైందా గుమస్తా సాబ్?" అని నవ్వేవారు. మందు ముట్టని వాడికి ఆ పేరు రావడం ఎంత కష్టమో మీకు తెలియదు.

కొందరు టెన్నిస్ బంతి చిట్కా చెప్తారు. పాత బనియన్‌కు వీపు మీద జేబు కుట్టి బంతి పెట్టుకుంటే వెల్లకిలా తిరగలేరని. అదీ చూశాను. మా చిన్నోడి బంతి నాలుగు రాత్రులు నా వీపులో ఉంది, అయిదో రోజు వాడి మ్యాచ్ ఉందని తీసుకుపోయాడు. నాకూ పీడ పోయింది.

ఇక అసలు సంగతి. తప్పు మాస్కుది కాదు, దిండుది. ఇది నేను కనిపెట్టింది కూడా ఇంట్లో కాదు, మా అత్తగారి ఊళ్లో.

పోయినేడు మే నెలలో మా బామ్మర్ది కొడుకు పెళ్లి. ఊరు మర్రిగూడ దగ్గర. ఇంటి నిండా చుట్టాలు. లోపల కూలర్ ముందు పిల్లలు ఆరేసిన చేపల్లా వరుసగా పడుకున్నారు. నాకు వాకిట్లో వేపచెట్టు కింద నులక మంచం వేశారు. "ఒక్క రాత్రికి ఏమైతది, ఆ మిషన్ ఎందుకు, అందరు చూస్తరు" అని మా ఆవిడ బయల్దేరేటప్పుడే అంది. నా గురకకు పెళ్లికొడుకు పారిపోతాడని చెప్పి నేనే సంచిలో పెట్టాను. కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి, మంచం పక్కన బోర్లించిన బొక్కెన మీద మిషన్ పెట్టాం. మిషన్ ఎప్పుడూ తలకన్నా కిందనే ఉండాలి, లేదంటే గొట్టంలో పేరుకున్న తేమ సరాసరి ముక్కులోకి కారుతుంది.

మంచానికి నాలుగు దోమతెర కర్రలు కట్టి ఉన్నాయి. గొట్టం మెడ కింద పడి మెలికపడుతోందని నేను తిట్టుకుంటుంటే మా ఆవిడ విసుక్కొని, తలవైపు అడ్డకర్రకు గొట్టాన్ని పాత లంగా నాడాతో వదులుగా కట్టింది. అంతే. ఆ రాత్రి నేను ఎటు తిరిగితే గొట్టం అటు వచ్చింది. అప్పటిదాకా పక్కకు తిరిగిన ప్రతిసారీ గొట్టం మంచం కోడుకు పట్టుకొని మాస్కును గుంజేది. దానికి నేను మాస్కును తిట్టేవాడిని.

దిండు ఇంకో కథ. మా అత్తమ్మ పాత బూరుగ దూది దిండు. లోపలి దూదంతా మూలలకు చేరి, నడుమ చేత్తో గుద్దితే గుద్దిన చోట గుంత పడి ఉండిపోతుంది. చెంప దిండు మీద, మాస్కు గుంతలో. మాస్కును తోసేది ఏమీ లేదు. మన ఇళ్లల్లో ఇప్పుడున్నవన్నీ ఫైబర్ దిండ్లు, స్పాంజి దిండ్లు. నొక్కితే పైకి లేస్తాయి. లేచి మాస్కును పక్కకు నెడతాయి. రాత్రంతా మీ ముఖంతో కొట్లాడేది అదే. షాపుల్లో మాస్కు కోసం పక్కలకు గంటు కోసిన దిండ్లు కూడా అమ్ముతున్నారు, వాటి ధరకు మా ఊళ్లో పరుపే వస్తుంది.

ఆ రాత్రి పది గంటలకు పడుకున్నవాడిని మళ్లీ రెండింటికి లేచాను, అదీ గాలిదుమారం లేచి కరెంటు పోతే. గాలి ఆగగానే ముక్కు మూసినట్టయి మెలకువ వచ్చేసింది. మాస్కు ఊడదీసి కూర్చున్నాను. దోమతెర ఎగిరి వేపకొమ్మకు చుట్టుకుంది. నాలుగు గంటలకు కరెంటు వచ్చాక మళ్లీ తగిలించుకొని పడుకున్నాను. అక్కడే వచ్చింది తిప్పలు.

తెల్లారి పక్కింటి అవ్వ గోడ మీది నుంచి చూసింది. ముక్కుకు గొట్టం, పక్కన గుయ్యిమనే మిషన్. ఏడు గంటలకల్లా వాడ సగం మా వాకిట్లో ఉంది. "అల్లుడు ఆక్సిజన్ మీదున్నడంట." నేను కళ్లు తెరిచేసరికి కాళ్ల దగ్గర ఆ అవ్వ కూర్చొని ఉంది, నా పాదం పట్టుకొని. కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ "మా చిన్నోన్ని గూడ గిట్లనే పెట్టిండ్రు బిడ్డా" అంది. 2021లో కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆమె కొడుకు పోయాడట. మూతికి గొట్టం పెట్టి తీసుకుపోయిన వాడిని ఆమె మళ్లీ చూడలేదు.

నాకు ఏం చెప్పాలో తోచలేదు. మాస్కు తీసి ఆమె అరచేతి మీద పెట్టాను. గాలి తగిలింది.

"ఇది ఆక్సిజన్ కాదు అవ్వా. ఈడ ఉన్న గాలే. మిషన్ లోపలికి గుంజి, జోరుగా ఊదుతది. నిద్రల గొంతు మూసుకోకుండ."

"వట్టి గాలేనా?"

"వట్టి గాలే."

కాసేపు చేతిని అట్లాగే ఉంచింది. "వట్టి గాలికి గింత మిషనా?" అని లేచి పోయింది. పోతూ పోతూ తను తెచ్చిన బత్తాయిల సంచి మాత్రం మంచం మీదనే వదిలేసింది. ఇంకో ఇద్దరు బ్రెడ్డు ప్యాకెట్లు తెచ్చారు. పెళ్లికి పోయిన వాడిని రోగిని చేసి పంపారు. మా ఆవిడ ముఖం మూడు రోజులు మాడిపోయే ఉంది.

కానీ మిషన్‌లో చూస్తే, కరెంటు ఉన్న ఆ ఆరేడు గంటల లెక్కలో గంటకు ఊపిరి అడ్డుపడిన సంఖ్య 2 దగ్గర ఉంది. మిషన్ ఇవ్వకముందు చేసిన నిద్ర టెస్టులో నాది 42. అయిదు లోపుంటే మామూలు, ముప్పై దాటితే తీవ్రం అంటారు. ఇంట్లో డబుల్ కాట్ మీద, ఏసీలో, నాకెప్పుడూ 6, 7 కన్నా తగ్గలేదు. ఒక్క రాత్రి లెక్కతో ఏం తేలుతుందని మా అబ్బాయి అంటాడు. వాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, వాడికి అన్నీ అనుమానాలే. ఆ దిండు అడిగి తెచ్చుకున్నాను. పెళ్లికి అందరికీ బట్టలు పెట్టారు, నాకు దిండు పెట్టారు.

ఇంటికొచ్చాక గొట్టం కట్టడానికి దోమతెర కర్రల్లేవు. తలవైపు గోడకు మేకు కొడదామంటే వాస్తు అడ్డం వచ్చింది. మా పడకగదిలో మంచం పక్కన వేసుకోదగ్గ ప్లగ్గు ఒక్కటే, అదీ ఉత్తరం గోడకు. ఉత్తరం దిక్కు తల పెట్టొద్దంటుంది మా ఆవిడ. గొట్టం పొడుగు ఆరడుగులు. ఇల్లు కట్టే మేస్త్రీలు టీవీకి నాలుగు ప్లగ్గులు పెడతారు, మనిషి తల పెట్టే చోట ఒక్కటి పెట్టరు. చివరికి దక్షిణం వైపు తల, ఉత్తరం వైపు నుంచి మంచం కింద వైరు, దూలానికి ఊయల కొక్కెం నుంచి వేలాడే నాడా. పిల్లలు ఊగిన కొక్కెం అది. చూసేవాళ్లకు నవ్వుగా ఉంటుంది. ఉండనివ్వండి. ఈ మిషన్ కనిపెట్టిన సిడ్నీ డాక్టర్ కాలిన్ సల్లివన్ 1980లో మొదలుపెట్టినప్పుడు రోజూ రాత్రి మాస్కును రోగుల ముఖానికి జిగురుతో అంటించేవారట. పొద్దున ఒలుచుకోవాలి. దానితో పోలిస్తే నాడా ఎంత.

ఏ పక్కకు అంటే, కుదిరితే ఎడమకు. మిషన్ గాలి కొంత కడుపులోకి పోయి పొద్దున పొట్ట డప్పులా ఉంటే, పుల్లటి తేన్పులు వస్తుంటే ఎడమ పక్క నయం. మన పెద్దలు అన్నం తిని వామకుక్షి అన్నది ఊరికే కాదు. భుజం నొప్పి వస్తే ఇంకో దిండును కౌగిలించుకొని పైచేయి దాని మీద వేయండి. పొట్ట ఉబ్బరం రోజూ ఉంటే మాత్రం ప్రెషర్ సంగతి డాక్టర్‌ను అడగండి, మీరే తిప్పకండి. ముక్కు మాస్కు పెట్టుకొని నోరు తెరిచి పడుకునేవాళ్లకు పొద్దున నాలుక అట్టకట్టుకుపోతుంది, వాళ్లకు నోరు కూడా మూసే మాస్కు వేరే ఉంటుంది. అది పెద్దది, పక్కకు తిరిగితే దిండుకు ఇంకా ఎక్కువ తగులుతుంది. అందుకే మళ్లీ చెప్తున్నాను, దిండు.

మిషన్‌కు గాలిని తేమ చేసే నీళ్ల డబ్బా ఉంటుంది, అందులో బోరు నీళ్లు పోయకండి. పెళ్లిలో మా ఆవిడ తెలియక పోసింది, పొద్దునకు అడుగున తెల్లటి పొర. ఆ వైపు నేల నీళ్లల్లో ఫ్లోరైడ్ ఎంత ఉందో ఆ ఊళ్ల పెద్దల వంగిన నడుములే చెప్తాయి. కాచి పోస్తే సరిపోతుందనుకుంటారు, కాస్తే ఉప్పులు పోవు, ఇంకా చిక్కబడతాయి. మెడికల్ షాపులో డిస్టిల్డ్ వాటర్ దొరుకుతుంది. మిల్లుల దగ్గర ఉండేవాళ్లు మిషన్ గాలి పీల్చే చోట ఉండే ఫిల్టర్ కూడా చూసుకోండి. మా ఇంట్లో ఊక బూడిదకు పది రోజుల్లో నల్లబడుతుంది.

బూరుగ దిండు కుట్టించేటప్పుడు దగ్గర నిలబడండి. దూది పనివాళ్లు గట్టిగా ఉంటేనే గిరాకీ మెచ్చుకుంటాడని రెండు కిలోలు కుక్కుతారు, అది కర్రలా అవుతుంది. కిలో దాటనివ్వకండి. గలేబు దట్టమైన బట్టది వేయండి, దూది నూగు బయటికొస్తే మిషనే పీల్చుకుంటుంది. కుట్టాక ఒక మూల గుద్ది చూడండి. గుంత అట్లాగే ఉంటే తెచ్చుకోండి, పైకి లేచిందంటే అక్కడే వదిలేసి రండి.