తిరుమల కొండమీద బ్రహ్మోత్సవాలు: మీరడిగారు, మేం చెబుతున్నాం

ప్రశ్న: అమ్మానాన్నలతో అయిదో రోజు గరుడ సేవకు వెళ్తున్నాం. సాయంత్రం నాలుగుకు కొండమీదికి చేరితే చోటు దొరుకుతుందా? అదే రోజు దర్శనం కూడా అయిపోతుందా?
- ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: నాలుగుకు చేరితే ముందున్నవాళ్ల వీపులు తప్ప ఏమీ కనిపించవమ్మా. గుడి చుట్టూ ఉండే మాడ వీధుల గ్యాలరీలు మధ్యాహ్నానికే నిండుతాయి. నిండాక గేట్లు మూసేస్తారు. టికెట్టేమీ ఉండదు, ముందొచ్చిన వాళ్లదే చోటు. పొద్దున్నే చేరుకోండి.

స్వామి కొలువైన గరుడ వాహనం గుడి ఎదుట మండపం నుంచి బయలుదేరి ప్రదక్షిణగా తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తర మాడ వీధుల్లో తిరుగుతుంది. మామూలు రోజుల్లో రెండు గంటల్లో ముగిసే ఊరేగింపు ఆ రాత్రి అడుగడుక్కీ ఆగుతూ చాలాసేపు సాగుతుంది. ఉత్తర వీధిలో కూర్చుంటే అర్ధరాత్రి దాకా కాచుకోవాల్సి రావచ్చు. పెద్దవాళ్లున్నారు కాబట్టి దక్షిణ మాడ వీధి మేలు.

అన్నప్రసాదం, మజ్జిగ, నీళ్లు కూర్చున్న చోటికే వస్తాయి, తిండికి లోటుండదు. అవస్థంతా ఎండ, వాన, బాత్రూములతోనే. ఒకసారి లేచి బయటికొస్తే మళ్లీ అదే చోటు దొరకదు. కింద పరుచుకోను మందపాటి దుప్పటి, ఒక్కొక్కరికో రెయిన్‌కోటు పెట్టుకోండి. గొడుగు తెరిస్తే వెనకవాళ్లు ఊరుకోరు. బీపీ, షుగరు మాత్రలు రాత్రి డోసుతో సహా చేతిసంచిలోనే ఉండాలి. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు కొండమీద నిషేధం, స్టీలు సీసా తీసుకెళ్లండి.

దర్శనం మాత్రం ఆ రోజు పెట్టుకోకండి. దర్శనం క్యూ కంపార్ట్‌మెంట్లో కూర్చుంటే ఎప్పుడు వదులుతారో మన చేతిలో ఉండదు, బయట వాహనం వెళ్లిపోతుంది. వృద్ధులకూ చంటిబిడ్డల తల్లులకూ ఉండే ప్రత్యేక దర్శనాలు కూడా బ్రహ్మోత్సవాల్లో ఆపేస్తారు.

గరుడ సేవకింత గిరాకీ ఎందుకంటే, గర్భగుడిలోని మూలవిరాట్టు నగలైన మకరకంఠి, లక్ష్మీహారం, సహస్రనామ మాల ఆ రాత్రి ఊరేగే ఉత్సవమూర్తి మలయప్పస్వామికి వేస్తారు. అయినా మోకాళ్ల నొప్పులున్నవాళ్లను ఆ రద్దీలోకి తీసుకెళ్లొద్దనే మా మాట. ఏడో రోజు పొద్దున ఎనిమిదికి సూర్యప్రభ వాహనం చూపించండి. గరుడుడి మీదే చూడాలంటారా, ప్రతి పౌర్ణమికీ కొండమీద గరుడ సేవ ఉంటుంది, ఇంత జనం ఉండరు.

ప్రశ్న: బైకు మీద వెళ్లొచ్చా? నడిచి వెళ్లాలంటే ఏ దారి మంచిది?
- ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: గరుడ సేవ ముందు రోజు నుంచి మర్నాటి పొద్దున దాకా ఘాట్ రోడ్ల మీద బైకులు ఆపేస్తారు. గంటలు ఏటేటా మారతాయి, ప్రకటన చూసుకోండి. బండి తిరుపతిలో పెట్టి బస్సెక్కడం ఉత్తమం.

అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ఎక్కుడే, అక్కడ తొందరపడినవాళ్లకు చివర్లో మోకాళ్ల పర్వతం దగ్గర కాళ్లు పట్టేస్తాయి. మధ్యలో చాలాదూరం చదునే, బలం అక్కడ కూడదీసుకోవచ్చు. శ్రీనివాస మంగాపురం వైపున్న శ్రీవారి మెట్టులో సుమారు 2,388 మెట్లు. దూరం తక్కువ, కానీ నిటారు, ఊపిరి తీసుకోనివ్వదు. మొదటిసారైతే అలిపిరే ఎంచుకోండి. సామాను అలిపిరి కౌంటర్లో ఇస్తే పైకి చేరుస్తారు. చిరుతల భయంతో చిన్నపిల్లలను మధ్యాహ్నం దాటాక వదలడం లేదు, పిల్లలుంటే తెల్లవారుజామునే మొదలుపెట్టాలి.

ప్రశ్న: కొన్నేళ్లు బ్రహ్మోత్సవాలు రెండుసార్లు జరుగుతాయెందుకు?
- ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: చాంద్రమాన పంచాంగంలో ఒక నెల అదనంగా వచ్చే అధికమాసం ఏడాది, ఏటా జరిగే సాలకట్ల బ్రహ్మోత్సవాలతో పాటు నవరాత్రి బ్రహ్మోత్సవాలూ చేస్తారు. 2023లో అలాగే జరిగాయి. రెండోవాటిలో ధ్వజారోహణం ఉండదు. జెండా ఎక్కించడం చూడాలనుకుంటే సాలకట్లకే రండి.

ప్రశ్న: చక్రస్నానం వేళకు పుష్కరిణిలో దిగలేకపోతే ఫలం పోతుందా?
- ఒక పాఠకురాలు, మదనపల్లె

జవాబు: పోదు. ఆ పవిత్రత రోజంతా ఉంటుందని అర్చకులే చెబుతారు. తోపులాటంతా చక్రత్తాళ్వారు, అంటే స్వామి సుదర్శన చక్రం, మునిగే ఆ కాసేపే. జనం పలచబడ్డాక నిదానంగా దిగండి, మెట్లు పాచి పట్టి ఉంటే జారతాయి.