ఒకవైపు ఆంక్షలు, మరోవైపు సాయం

ప్రశ్న: అంతర్యుద్ధంతో చితికిపోయిన దేశంపై ఐక్యరాజ్యసమితి ఆంక్షలు విధిస్తుంది. అదే దేశానికి ఆహారం, మందులు, నిధులూ పంపిస్తుంది. ఇవి పరస్పర విరుద్ధం కావా? వీటివల్ల ఎక్కడైనా శాంతి నెలకొందా?

జవాబు: ఆంక్షలు ఎవరి రాబడిని ఆపుతున్నాయి, సాయం ఎవరి చేతికి చేరుతోంది అన్న రెండు విషయాలు చూస్తే తప్ప ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. 1990 ఆగస్టులో కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్‌పై భద్రతా మండలి దాదాపు మొత్తం వాణిజ్యాన్నీ నిషేధించింది. మందులకు మినహాయింపు ఇచ్చినా, నీటిశుద్ధి కేంద్రాలకు కావలసిన క్లోరిన్, విడిభాగాలు సైనిక అవసరాలకు మళ్లవచ్చన్న అనుమానంతో అనుమతులు ఆలస్యమయ్యేవి. ప్రజలు నానా అగచాట్లు పడ్డారు. సద్దాం హుస్సేన్ మాత్రం రేషన్ పంపిణీని తన గుప్పిట్లో ఉంచుకుని వారిపై పట్టు మరింత బిగించాడు. అక్కడి సహాయ కార్యక్రమాన్ని సమన్వయపరచిన డెనిస్ హాలిడే ఈ విధానాన్ని నిరసిస్తూ 1998లో పదవి వదులుకున్నారు. ఆయన నిరసన న్యాయమైనదే.

పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియాలో పద్ధతి వేరు. అక్కడ యుద్ధాన్ని నడిపించినవి వజ్రాలూ కలపా. అధ్యక్షుడు చార్లెస్ టేలర్ పొరుగున ఉన్న సియెర్రా లియోన్ తిరుగుబాటుదారులకు అండగా నిలవడంతో, మండలి 2001లో లైబీరియా వజ్రాలను, 2003లో కలపను నిషేధించింది. ఆ ఏడాది ఆగస్టులో టేలర్ గద్దె దిగాడు. అయితే ఈ ఘనతంతా ఆంక్షలదే అనడం సరికాదు. తిరుగుబాటు దళాలు రాజధాని మన్రోవియా ముంగిటికి వచ్చేశాయి, సియెర్రా లియోన్ ప్రత్యేక న్యాయస్థానం అతనిపై అభియోగాలు మోపింది, పొరుగు దేశాలూ ఒత్తిడి తెచ్చాయి.

నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది ఆ తర్వాత జరిగినది. 15,000 మంది వరకు సైనికులతో శాంతి పరిరక్షక దళాన్ని మండలి ఏర్పాటు చేసింది, కానీ ఆంక్షలను వెంటనే ఎత్తివేయలేదు. అడవులు ప్రభుత్వ అధీనంలోకి రావాలి, కలప రాబడి సక్రమమైన పనులకే ఖర్చు కావాలి అన్న షరతులు పెట్టింది. 2005లో దాతలతో కుదిరిన ఏర్పాటు ప్రకారం, ఓడరేవు వంటి ఆదాయం వచ్చే సంస్థల్లో ఖర్చుల పత్రాలపై అక్కడి అధికారి సంతకంతోపాటు విదేశీ ఆర్థిక నిపుణుడి సంతకం కూడా తప్పనిసరైంది. ఇది సార్వభౌమత్వానికి భంగమన్న విమర్శ వచ్చింది, అందులో నిజమూ ఉంది; కానీ ఖజానాకు కన్నం పడిన దేశంలో ఎంత సాయం పోసినా నిలవదు. 2006లో అధికారం చేపట్టిన ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ పాత అటవీ లీజులన్నింటినీ రద్దు చేశారు. అదే ఏడాది కలపపై, మరుసటి ఏడాది వజ్రాలపై నిషేధం తొలగింది. ఏం చేస్తే ఆంక్షలు తొలగుతాయో ముందే స్పష్టంగా తెలియడం వల్లనే కొత్త ప్రభుత్వానికి సంస్కరణల్లో ఒక ప్రయోజనం కనిపించింది.

ప్రశ్న: వ్యక్తులపై, సంస్థలపై మాత్రమే ఆంక్షలు విధించినా సహాయ కార్యకర్తలకు ఇబ్బంది తప్పడం లేదంటారు. ఎందుకు?

జవాబు: బ్యాంకుల భయం వల్ల. ఎక్కడ నిబంధన ఉల్లంఘించినట్లవుతుందోనన్న జంకుతో అవి చట్టబద్ధమైన చెల్లింపులను కూడా నిలిపివేస్తాయి. 2021లో తాలిబన్లు అధికారంలోకి వచ్చాక ఆఫ్ఘనిస్తాన్‌లో ఇదే జరిగింది. ఆ ఏడాది డిసెంబరులో ఆ దేశానికి, 2022 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆస్తుల స్తంభన (డబ్బు, ఆస్తులు వాడుకోకుండా ఆపే) ఆంక్షలన్నింటికీ మానవతా సాయం విషయంలో మండలి మినహాయింపు ఇచ్చింది. ఉగ్రవాద ముఠాలు దీన్ని దుర్వినియోగం చేస్తాయన్న ఆందోళనతో రెండో తీర్మానంపై భారత్ ఓటింగ్‌కు దూరంగా ఉంది. ఆ ఆందోళన కొట్టిపారేయదగినది కాదు. అయినా దానికి పరిష్కారం, సాయం ఎవరికి చేరిందో నిక్కచ్చిగా లెక్క చూడటమే కానీ, ఆకలితో ఉన్నవారికి అందవలసిన ధాన్యాన్ని ఆపడం కాదు.