సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విశాఖ: రైలు ఖర్చు ఎలా తగ్గించుకోవాలి?

ఇంటిల్లిపాదీ పండక్కి ఊరెళ్లాలి, టికెట్లు తక్కువలో ఎలా దొరుకుతాయన్నది ప్రశ్న. మామూలు ఎక్స్‌ప్రెస్‌లలో ముందు కొన్నా, చివర్లో కొన్నా అసలు ఛార్జీ ఒకటే. ముందు కొంటే మిగిలేది తత్కాల్ (చివర్లో కొనే టికెట్ల కోటా) అదనం: స్లీపర్‌లో మనిషికి 100 నుంచి 200 రూపాయలు, థర్డ్ ఏసీలో 300 నుంచి 400. రిజర్వేషన్ 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకు తెరుస్తారు. ఆ పూట అలారం పెట్టుకోవాల్సిందే.

అసలు తేడా రైలు ఎంపికలో ఉంది. దురంతోలో ఫ్లెక్సీ ఛార్జీ కాబట్టి, ప్రతి 10 శాతం బెర్తులు నిండేసరికి మూల ధర 10 శాతం చొప్పున ఒక పరిమితి వరకు పెరుగుతూ పోతుంది. దాని బదులు గరీబ్‌రథ్ చూడండి. అదీ ఏసీయే, మామూలు థర్డ్ ఏసీ కన్నా చవక. పగలంతా కూర్చోగలిగితే జన్మభూమిలో సెకండ్ సిట్టింగ్ స్లీపర్ కన్నా తక్కువకే వస్తుంది (నడుం సంగతి మీరే చూసుకోవాలి). పండగ స్పెషల్ రైళ్లు చాలావాటికి ఛార్జీ ఎక్కువే ఉంటుంది, చూసి బుక్ చేయండి.

స్లీపర్‌లో 5 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు విడి బెర్తు అడగకపోతే సగం ఛార్జీ. సీనియర్ సిటిజన్ల రాయితీ మాత్రం 2020 మార్చి నుంచి లేదు.