కొత్త ఇంటికి ఏ బ్రాడ్‌బ్యాండ్? ముందు మేడెక్కి వైరు చూడండి

ప్రశ్న: ఉప్పల్ వైపు కొత్త అద్దె ఇంటికి మారుతున్నాం. ఏ కంపెనీ నెట్ తీసుకుంటే మంచిది? ఇప్పుడున్న 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో ఫోన్‌లో చూస్తే 20 కూడా రావడం లేదు. 300 ప్లాన్‌కి మారితే స్పీడ్ పెరుగుతుందా?

ఏ కంపెనీ అని అడిగితే ఇక్కడ తలా ఒక పేరు చెబుతారు. మాదాపూర్‌లో ఉన్నాయన తన కంపెనీ బ్రహ్మాండం అంటాడు. అదే కంపెనీకి మల్కాజిగిరిలో ఉన్నావిడ శాపనార్థాలు పెడుతుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. నన్నడిగితే హైదరాబాద్‌లో కంపెనీని బట్టి నెట్ ఉండదు, వీధిని బట్టి ఉంటుంది. కాలనీ దాకా అందరిదీ దాదాపు ఒకటే సరుకు. అక్కడి స్తంభం మీది పెట్టె నుంచి మీ ఇంటి గోడ దాకా వచ్చే వైరు ఎలా లాగారు, అది తెగితే చూసే కుర్రాడు ఎంతసేపట్లో వస్తాడు, ఈ రెండే అసలు సంగతి. దీని మీద ఎవరెన్ని చార్టులు చూపించినా నేను నమ్మను. ఎందుకో చెప్తాను.

నేను ఇంట్లోంచే చిన్న వ్యాపారులకు జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. నెలలో మిగతా రోజులు ఎలా గడిచినా, నెలనెలా వేసే 3బీ అనే రిటర్నుకి ఆఖరు తేదీ 20. ఆ రోజు మాత్రం నెట్ ఉండి తీరాలి. ఓటీపీ వచ్చాక అది కొట్టేలోపు నెట్ పోతే మళ్లీ మొదటికే. అవతల కిరాణా షాపాయన ఫోన్ మీద ఫోన్. లేటు ఫీజు పడితే ఆయన నన్నే అంటాడు కానీ నెట్ కంపెనీని అనడు కదా.

పోయినేడు చలికాలంలో మాకు ఒక వింత సమస్య మొదలైంది. పొద్దున పది దాటితే నెట్ పోవడం, రావడం, మళ్లీ పోవడం. మధ్యాహ్నం దాకా అదే తంతు. సాయంత్రానికి ఏమీ ఎరగనట్టు చక్కగా వచ్చేది. అదీ రోజూ కాదు, రెండు మూడు రోజులకోసారి. కంపెనీ పేరు చెప్పను, అనవసరం. కస్టమర్ కేర్‌కి పొద్దున ఫోన్ చేస్తే "మా టీమ్ కాల్ బ్యాక్ చేస్తుంది మేడం" అనేవారు. ఆ కాల్ బ్యాక్ సాయంత్రం వచ్చేది. అప్పటికి నెట్ సుబ్బరంగా ఉండేది. "మీ లైన్ బాగానే కనిపిస్తోంది మేడం" అని కంప్లయింట్ మూసేసేవారు. రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయమనడం, చేశాక రేటింగ్ ఇవ్వమనడం. ఒకమ్మాయి అయితే "మీ వాడకం ఎక్కువైంది మేడం, 300 ప్లాన్‌కి మారితే ఈ ప్రాబ్లం ఉండదు" అంది. మీకు కూడా ఎవరో ఇలాగే చెప్పి ఉంటారని నా అనుమానం.

సరిగ్గా 20వ తేదీన మళ్లీ పోయింది. రౌటర్ మీద ఎర్ర లైటు. ఈసారి కస్టమర్ కేర్ జోలికి వెళ్లకుండా, కనెక్షన్ ఇచ్చిన రోజు డబ్బా మీద పెన్నుతో రాసి పెట్టుకున్న లైన్‌మ్యాన్ నంబరుకే ఫోన్ చేశాను. గంటలోపే వచ్చాడు, బండికి నిచ్చెన కట్టుకుని. రౌటర్ వెనక ఆకుపచ్చ కొన ఉన్న సన్నటి వైరు పీకి, జేబులోంచి చిన్న మీటర్ తీసి దానికి పెట్టాడు. మైనస్ 30 అని చూపించింది.

"లైట్ అస్సలు వస్తలేదక్కా. మైనస్ 20, 22 ఉండాలె. 27 దాటిందంటే నెట్ నిలవదు" అన్నాడు.

ప్లాన్ ఏదని అడగలేదు, రౌటర్ ఆన్ ఆఫ్ చేయమనలేదు. వైరు పట్టుకుని బయటికి నడిచాడు. కిటికీ, సన్‌షేడు, పైపు, అలా చూసుకుంటూ మేడ మీదికి పోయాడు. కాసేపటికి పైనుంచి "అక్కా, ఒకసారి పైకి రా" అని కేక.

వెళ్లి చూస్తే, మా ఫైబర్ వైరు మీద పై వాటా ఆవిడ తడి దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. పాత దండెం తాడు తెగిపోయిందట. పక్కనే నల్లగా, బిగుతుగా, రెండు గోడల మధ్య తీగ ఒకటి కనిపించేసరికి దాన్నే దండెం చేసుకుంది. ఆ బరువుకి వైరు కిందికి సాగి, పిట్టగోడ మూల దగ్గర హెయిర్‌పిన్‌లా మడతపడింది. లోపల ఉండేది వెంట్రుకంత గాజు పోగు. మడత దగ్గర వెలుగు బయటికి కారిపోతుంది, మిగిలిందే మన ఇంటికొస్తుంది. పొద్దున నీళ్లోడుతున్నప్పుడు బరువెక్కువ, నెట్ పోతుంది. ఎండకి ఆరేకొద్దీ వైరు లేస్తుంది. సాయంత్రం బట్టలు తీసేశాక కంపెనీవాళ్లు ఫోన్ చేసి లైన్ బాగుందంటారు. ఇన్నాళ్లూ నా పాలిట శని ఆవిడ ఉతికే రోజులన్నమాట.

"గిట్ల ఆరేస్తే లైట్ ఎట్లొస్తది ఆంటీ?" అని ఆవిడని అడిగాడు ఆ అబ్బాయి. ఆవిడేమీ తగ్గలేదు. "అది నెట్ వైరని ఎవరు చెప్పారు బాబూ? పాత డిష్ వైరనుకున్నా. అయినా బాగా గట్టిగా ఉంది, దుప్పట్లకి కూడా ఆగింది" అని మెచ్చుకుంది. మడతపడిన ముక్క కోసేసి, కొత్త కొన వేసి, వైరుని పిట్టగోడ బయటి వైపు నుంచి క్లిప్పులు కొట్టి దింపాడు. మీటర్‌లో మైనస్ 21. రిటర్నులన్నీ ఆ సాయంత్రమే వేశాను. ఆవిడకి ఒక నైలాన్ తాడు కూడా కొనిచ్చాను, మళ్లీ ఏ వైరు మీద కన్నేస్తుందోనని.

ఆరోజు నేను 300 కాదు, 1000 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా ఎర్ర లైటు ఎర్రగానే ఉండేది.

కాబట్టి కొత్త ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు వంటింటి ప్లాట్‌ఫాం, బాత్రూం కుళాయిలు చూసినట్టే మేడ మీదికి కూడా ఒకసారి ఎక్కండి. ఎవరి వైర్లు వస్తున్నాయి, ఎటునుంచి వస్తున్నాయి, గాల్లో ఊగుతున్నాయా, గోడ పట్టుకుని దిగాయా చూడండి. తర్వాత వాచ్‌మన్‌నో, కింద కిరాణా షాపులోనో, ఎదురింటివాళ్లనో అడగండి. "స్పీడెంత" అని అడగొద్దు, అందరూ 100 అనే అంటారు. "పోతే ఎప్పటికి బాగుచేస్తారు" అని అడగండి. "ఫోన్ చేస్తే ఆ పూటకే వచ్చేస్తాడు" అని ఏ కంపెనీ గురించి చెబితే కళ్లు మూసుకుని అదే తీసుకోండి. అది జియో కానీ, ఎయిర్‌టెల్ కానీ, యాక్ట్ కానీ, బీఎస్ఎన్ఎల్ కానీ, మీ కేబుల్ టీవీ ఆయన ఇచ్చేది కానీ. నెట్ వచ్చాక ఆ కుర్రాడి సొంత నంబరు తీసుకోండి, దసరాకి మామూలు ఇవ్వండి. ఏ కస్టమర్ కేర్ చేయని పని అది చేస్తుంది.

రెండు కంపెనీల కనెక్షన్లు పెట్టుకుంటే బెంగ లేదని కొందరంటారు. రెండు వైర్లూ ఒకే కరెంటు స్తంభం మీదుగా వస్తే ఏం లాభం? 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత, వేలాడే వైర్లు ప్రమాదమని నగరంలో స్తంభాల మీది కేబుళ్లను విద్యుత్ సిబ్బంది తెగ్గోసుకుంటూ వెళ్లారు, ఆ గొడవ హైకోర్టు దాకా వెళ్లింది. ప్రాణాల కన్నా నెట్ ఎక్కువ కాదు, తీయాల్సిందే. కానీ ఏళ్ల తరబడి ఒక్కో స్తంభానికి అన్నన్ని వైర్ల చుట్టలు వేలాడుతుంటే చూసుకుంటూ కూర్చున్నదెవరు? తెలంగాణలో ప్రభుత్వ టీ-ఫైబర్ కేబుల్‌ని మిషన్ భగీరథ మంచినీళ్ల పైపుల కోసం తవ్విన కందకాల్లోనే వేశారు. అటు ఆంధ్రాలో ఏపీ ఫైబర్‌నెట్‌ని కరెంటు స్తంభాల మీదుగా ఊరూరికీ లాగారు. మొదట్లో టీవీ, ఫోను, నెట్ మూడూ కలిపి 149 రూపాయలకే ఇచ్చారు కూడా. స్తంభాల మీద లాగితే త్వరగా, చవగ్గా అవుతుంది, నిజమే. గాలీవానా వచ్చినప్పుడు తెలుస్తుంది తేడా. రెండో కనెక్షన్ బదులు ఫోన్‌లో ఇంకో కంపెనీ సిమ్ ఉంచుకుని హాట్‌స్పాట్ పెట్టుకోవడం మేలు. దానికి స్తంభంతో పని లేదు.

ఈమధ్య ఎయిర్‌ఫైబర్ అని మేడ మీద డబ్బా బిగించి 5జీ మీద ఇస్తున్నారు. ఫైబర్ రాని చోట సరే. ఫైబర్ ఉన్న వీధిలో అది తీసుకోవద్దనే చెప్తాను. టవర్ని నలుగురితో పాటు మనమూ పంచుకోవాలి. రాత్రి ఎనిమిది తర్వాత అందరూ సినిమాలు పెట్టుకున్నప్పుడు చూడండి దాని అవస్థ.

ఇక మీ ఫోన్‌లో 20 కూడా రాని సంగతి. అది కంపెనీ తప్పు కాకపోవచ్చు. రౌటర్ ముందు నిలబడి ఒకసారి స్పీడ్ చూడండి, ఆ తర్వాత పడగ్గదిలో చూడండి. పక్కన నిలబడితే 90 వచ్చి, పడగ్గదిలో 20 వస్తుంటే మీరు కొనాల్సింది పెద్ద ప్లాన్ కాదు, రౌటర్‌కి ఇంకో చోటు చూడాలి. ఈ ఇంటీరియర్ వాళ్లొకళ్లు. రౌటర్ కనబడితే అందం పోతుందని టీవీ వెనక చెక్క పెట్టెలో పెట్టి తలుపు వేసేస్తారు. దాని ముందు టీవీ, పక్కన ఇత్తడి వినాయకుడు. సిగ్నల్ ఎక్కణ్ణుంచి బయటికి రావాలి? హాలు మధ్యలో, తల ఎత్తులో, గాలాడే చోట పెట్టండి. కనెక్షన్ ఇచ్చేవాడు తలుపు పక్కనే పెట్టేసి పోతాడు, వాడికి వైరు ఆదా. మొదటి రోజే పట్టుబట్టి లోపలికి లాగించుకోండి, తర్వాత బతిమాలినా చేయడు.

ఫోన్‌లో వైఫై పేర్లు రెండు కనిపిస్తే, చివర 5జీ అని ఉన్నదానికి కలపండి. ఇది సిమ్ 5జీ కాదు, వైఫైలోనే ఇంకో దారి. 2.4 అనే పాత దారిలో అపార్ట్‌మెంట్ మొత్తం రౌటర్లు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. అందులో 20, 30 వస్తే గొప్పే. కానీ ఈ 5 గిగాహెర్ట్జ్ దారికి గోడలు దాటడం కష్టం, రెండు గోడల అవతలికి వెళ్తే నీరసపడుతుంది. అందుకే చోటు గురించి అంత చెప్పింది. ఆఫీసు పని చేసే టేబుల్‌కి మాత్రం ల్యాన్ కేబుల్ లాక్కోండి. చవక కేబుల్ కొనొద్దు. లోపల ఎనిమిది తీగలూ ఉండాలి, నాలుగే ఉంటే 100 దాటదు. రౌటర్ పోర్టు పాత రకమైతే, 300 ప్లాన్ తీసుకున్నా ల్యాప్‌టాప్‌లో 94 దగ్గర ఆగిపోతుంది. చాలామంది అది చూసి కంపెనీ మోసం చేసిందనుకుంటారు. అలాగే ఫైల్ దింపుతుంటే 12 అని కనిపిస్తే కంగారు పడకండి. అది ఎంబీల లెక్క, అంటే మెగాబైట్లు. ఎంబీపీఎస్ అంటే మెగాబిట్లు, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. అందుకే 100 ఎంబీపీఎస్‌కి సెకనుకి పన్నెండున్నర ఎంబీలే వస్తాయి.

ప్లాన్ల ప్రకటనలంటే నాకు మంట. 399 అని పెద్ద అక్షరాల్లో వేస్తారు, 18 శాతం జీఎస్టీతో చేతిలోంచి పోయేది 471. పన్నుల పని చేసేదాన్ని, నా దగ్గర కూడా అదే ఆట. అన్‌లిమిటెడ్ అంటారు, కింద చీమల్లాంటి అక్షరాల్లో నెలకి 3300 జీబీ దాటితే స్పీడ్ తగ్గిస్తామని ఉంటుంది. మామూలు ఇంట్లో అంత వాడరు లెండి, కానీ లిమిట్ ఉన్నప్పుడు అన్‌లిమిటెడ్ అని ఎందుకనాలి? పదిహేను ఓటీటీలు ఉచితం అంటారు, అందులో సగం పేర్లు నేనెప్పుడూ వినలేదు. ఇక ప్రభుత్వం లెక్కలో 2023 నుంచి 2 ఎంబీపీఎస్ వస్తే చాలు, అది బ్రాడ్‌బ్యాండే. అంతకుముందు 512 కేబీపీఎస్‌కే ఆ పేరు. కాబట్టి ఫిర్యాదు చేయాలంటే ఆ పేరు పట్టుకుని వాదించొద్దు, మీ ప్లాన్‌లో రాసిన స్పీడ్‌ని పట్టుకోండి. ల్యాన్ కేబుల్‌తో టెస్ట్ చేసి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. వైఫై మీద తీసినదాన్ని వాళ్లు లెక్కలోకి తీసుకోరు.

300 ప్లాన్ అవసరమా అంటే, నలుగురున్న ఇంటికి నా లెక్కలో 100 చాలు. 4కే సినిమాకి 25 ఎంబీపీఎస్ ఉంటే ధారాళం. మిగతా వాళ్లు వీడియో కాల్స్ మాట్లాడుకున్నా ఇంకా మిగులుతుంది. మీ పని పెద్ద ఫైళ్లు పంపేదైతే అప్‌లోడ్ స్పీడ్ కూడా అడగండి. డౌన్‌లోడ్‌తో సమానంగా ఇచ్చేవాళ్ల దగ్గరే తీసుకోండి.

ఏడాదికి ఒకేసారి కడితే రెండు నెలలు ఉచితం అని వెంటపడతారు. వద్దు. మొదటి మూడు నెలలు నెలనెలా కట్టండి, ఒక వానాకాలం దాటాక చూసుకోవచ్చు. పాత ఇంటి కనెక్షన్‌ని షిఫ్ట్ చేయించడం కన్నా మూసేసి కొత్తది తీసుకోవడమే సులువు. మూసేటప్పుడు రౌటర్ ఎవరి చేతికిచ్చారో, రసీదు మాత్రం తీసుకోండి. లేదంటే ఆర్నెల్ల తర్వాత రౌటర్ ఇవ్వలేదని రికవరీ ఫోన్లు మొదలవుతాయి.