ఫౌండేషన్ ఫెలోషిప్‌కి మా అమ్మాయిని పంపొచ్చా అని అడిగినవారికి

మీ ప్రశ్న చదివానండీ. మీ అమ్మాయి మిషిగన్‌లో పబ్లిక్ పాలసీలో మాస్టర్స్ పూర్తి చేసింది. డెట్రాయిట్‌లో ఒక ఫౌండేషన్ వాళ్ళు, చదువు ముగించి బయటికొచ్చినవాళ్ళకి జాతి న్యాయం మీద రెండేళ్ళ ఫెలోషిప్ ఇస్తామన్నారు. ఇది ఉద్యోగమా, సేవా? తర్వాత దారేంటి? నల్లజాతివాళ్ళ సమస్యల్లో మన పిల్లకి ఏం పని? ఇవీ మీ సందేహాలు. నేను ఆ ఊళ్ళోనే అలాంటి ఫెలోషిప్ చేశాను. మా నాన్న కూడా అప్పట్లో సరిగ్గా ఇవే అడిగారు.

ఉద్యోగమే. ఆ టెన్షన్ ముందు తీసేయండి. నాకు నెలనెలా జీతం వచ్చేది, హెల్త్ ఇన్సూరెన్స్ ఉండేది. కొన్నిచోట్ల జీతం కాకుండా స్టైపెండ్ ఇస్తారు, అది ఆఫర్ లెటర్‌లో చూసుకోవాలి. సాఫ్ట్‌వేర్‌లో చేరిన నా క్లాస్‌మేట్ల జీతాలతో పోలిస్తే నాది చిన్నదే. డెట్రాయిట్ పక్కనున్న కాంటన్‌లో అమ్మానాన్నల దగ్గర ఉన్నాను కాబట్టి ఇబ్బంది పడలేదు. మీ అమ్మాయి అద్దె కట్టుకుని ఒక్కతే ఉండాలంటే లెక్క వేసుకునే వెళ్ళాలి.

అక్కడ పనేంటో అర్థం కావాలంటే ఫౌండేషన్ ఎలా నడుస్తుందో తెలియాలి. మన గుళ్ళలో శాశ్వత అన్నదానానికి డబ్బు కడితే అసలు బ్యాంకులో ఉంటుంది, వడ్డీతో ఏటా మనం చెప్పిన తిథికి భోజనాలు పెడతారు. అమెరికాలో ప్రైవేట్ ఫౌండేషన్ కూడా ఇంచుమించు అలాంటిదే. అసలు షేర్లలో, బాండ్లలో పెరుగుతూ ఉంటుంది. 1969 పన్ను చట్టంతో మొదలై తర్వాతి సవరణలతో స్థిరపడిన నియమం ప్రకారం ఆస్తి విలువలో సుమారు 5 శాతం ఏటా దాతృత్వానికి ఖర్చు పెట్టాలి. 10 కోట్ల డాలర్లున్న సంస్థ ఏడాదికి 50 లక్షల డాలర్లు తీయాలన్నమాట. గ్రాంట్లు ఇవ్వడానికయ్యే ఆఫీసు ఖర్చులు, ఫెలో జీతంతో సహా, ఆ 5 శాతంలోకే వస్తాయి. మిగతా 95 శాతం ఎక్కడ పెట్టుబడి పెట్టారని అడిగేవాళ్ళు తక్కువ.

ఈ డబ్బుకి పన్ను మినహాయింపు ఉంది. అంటే ప్రభుత్వానికి, తద్వారా జనానికి చేరాల్సిన దాంట్లో కొంత ఇక్కడే ఆగింది. అయినా ఎవరికి ఇవ్వాలో తేల్చేది బోర్డులో కూర్చున్న కొద్దిమందే. ఆ డబ్బు ఏ పేటకోసమో ఆ పేటవాళ్ళు ఆ గదిలో చాలాసార్లు ఉండరు. ఇలాంటి ఫెలోషిప్‌లు పుట్టింది అందుకే. గ్రాంట్లు తేల్చే పనిలోకి వేరే జీవితాలనుంచి వచ్చిన యువతని తీసుకురావాలి, వాళ్ళకి ఆ పని నేర్పాలి.

రోజువారీ పని పైకి చూస్తే మామూలుగానే ఉంటుంది. వచ్చిన దరఖాస్తులు చదవడం, ఆ సంస్థ ప్రభుత్వానికి వేసే 990 ఫారం, బడ్జెట్ చూడటం, వాళ్ళ దగ్గరికి వెళ్ళి మాట్లాడటం, బోర్డు మీటింగ్‌కి మెమో రాయడం. ఆ మెమోలోనే అసలు విషయమంతా ఉంటుంది. బోర్డు సభ్యులకి ఆ పేట తెలియదు, ఆ మనుషులు తెలియరు. మీ అమ్మాయి రాసిన రెండు పేజీలే తెలుస్తాయి.

డెట్రాయిట్‌లో ఇది ఎంత బరువైన పనో చెప్తాను. 8 మైల్ రోడ్డు దగ్గర ఒక గోడ ఉంది. 1941లో కట్టారు, ఎత్తు 6 అడుగులు, పొడవు అర మైలు. పక్కన నల్లజాతివాళ్ళు ఉంటున్నారు కాబట్టి తెల్లవాళ్ళకోసం కట్టే కొత్త ఇళ్ళ రుణాలకి హామీ ఇచ్చేది లేదని ప్రభుత్వ సంస్థ ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ అంటే, బిల్డర్ మధ్యలో గోడ కట్టించాడు. అప్పుడు హామీ వచ్చింది. ఆ గోడ ఇప్పటికీ ఉంది, కొంతభాగం మీద బొమ్మలు వేశారు. అమెరికాలో మామూలు కుటుంబం ఆస్తి కూడబెట్టుకునేది ఇంటితోనే. ఆ ఇంటికి రుణం రానీయకపోతే మూడు తరాల తర్వాత మనవడి చదువుమీద కూడా దెబ్బ పడుతుంది.

అది పాత కథ అనుకోకండి. ఇంటి పన్ను కోసం వేసే విలువ మార్కెట్ ధరలో 50 శాతం దాటకూడదని మిషిగన్ రాజ్యాంగం చెప్తుంది. 2008 తర్వాత డెట్రాయిట్‌లో ఇళ్ళ ధరలు కుప్పకూలినా నగరం పాత విలువల మీదే పన్ను వేస్తూ పోయింది. 2010 నుంచి 2016 వరకు కనీసం 60 కోట్ల డాలర్లు ఎక్కువ వసూలు చేశారని డెట్రాయిట్ న్యూస్ పత్రిక 2020లో లెక్క తేల్చింది. కట్టలేనివాళ్ళ ఇళ్ళు వేలానికి పోయాయి. పేద యజమానులకి పన్ను మాఫీ ఉంది, కానీ మామూలుగా ఏటా దరఖాస్తు పెట్టాలి. అలాంటిదొకటి ఉందనే చాలామంది ముసలివాళ్ళకి తెలియదు.

ఈస్ట్ సైడ్‌లో ఒక చిన్న సంస్థ సరిగ్గా ఈ పనే చేసేది. ఇంటింటికీ వెళ్ళి, పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, కాగితాలు వెతికి, మాఫీ దరఖాస్తు నింపించేవాళ్ళు. నడిపేవాళ్ళంతా ఆ వీధుల్లోని నల్లజాతి ఆడవాళ్ళే. వాళ్ళ దరఖాస్తు మా దగ్గర మొదటి వడపోతలోనే ఆగిపోయింది. కారణం, మా ఫౌండేషన్ ఆడిట్ రిపోర్టు అడిగేది. ఆడిట్‌కి వేల డాలర్లు అవుతాయి, వాళ్ళ ఏడాది బడ్జెట్‌లో అది పెద్ద ముక్క. తిరస్కరించిన మనిషికి దురుద్దేశం ఏమీ లేదు, చెక్‌లిస్టు చూసి కొట్టేశాడు. కానీ చిన్న సంస్థలు ఎవరివి, పెద్ద సంస్థలు ఎవరివి అని చూస్తే ఆ చెక్‌లిస్టు ఎవరిని బయట పెడుతోందో తెలిసిపోతుంది. నాకు ఆ రోజు చాలా కోపం వచ్చింది. గ్రాంట్ల పని చూసే మా ప్రోగ్రామ్ ఆఫీసర్ ఆ కోపాన్ని మెమోగా రాయమంది. గత కొన్నేళ్ళలో ఈ ఒక్క నిబంధనవల్ల ఆగిపోయిన దరఖాస్తులన్నీ తీసి, ఎవరు నడుపుతున్నారో, ఎక్కడ పనిచేస్తున్నారో పట్టిక వేసి ఇచ్చాను. బోర్డు రెండు మీటింగుల్లో వాదించుకుంది. చివరికి ఒక స్థాయికంటే తక్కువ బడ్జెట్ ఉన్నవాళ్ళకి ఆడిట్ తీసేసి 990 చాలన్నారు. ఆ సంస్థకి తర్వాతి విడతలో గ్రాంట్ వచ్చింది, అదీ ఏదో ఒక ప్రాజెక్టుకే కట్టిపడేసినది కాదు, అద్దెకీ జీతాలకీ వాడుకోగలిగేది. ఆ తేడా ఎంత పెద్దదో చిన్న సంస్థ నడిపినవాళ్ళని అడగండి.

ఇలాంటిచోట సాయం చేసేవాడి పేరే చరిత్రలో మిగులుతుంది. సియర్స్ కంపెనీ అధిపతి జూలియస్ రోజన్‌వాల్డ్, నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్‌తో కలిసి దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లలకి దాదాపు 5,000 బడులు కట్టించాడు. గొప్ప పనే. కానీ షరతు ప్రకారం ఊళ్ళవాళ్ళూ తమ వాటా వేసుకున్నారు. కౌలు రైతులు, కూలీలు పోగుచేసిన మొత్తం రోజన్‌వాల్డ్ ఇచ్చినదానికి తక్కువేమీ కాదు. బడులకి ఆయన పేరు వచ్చింది. డబ్బు శాశ్వతంగా దాచడం ఆయనకి నచ్చదు. తను పోయాక 25 ఏళ్ళలోపు నిధి మొత్తం ఖర్చు కావాలన్నాడు. 1932లో పోయాడు, 1948కల్లా అయిపోయింది. ఈ రంగంలోకి వచ్చేవాళ్ళు ఆయన్ని మెచ్చుకోవాలి, ఆ కూలీల చందా కూడా గుర్తుంచుకోవాలి.

ఇక మన పిల్లకెందుకు అన్నారు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు తెల్లవాళ్ళు కారు, పౌరసత్వానికి పనికిరారని తీర్పు ఇచ్చింది. 1946లో ఆ తలుపు తెరిచినా భారతదేశానికి కోటా ఏడాదికి 100 మంది. మన డాక్టర్లు, ఇంజనీర్లు పెద్దఎత్తున వచ్చింది 1965 వలస చట్టం తర్వాత. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటు హక్కుల చట్టం తెచ్చిన ఉద్యమపు ఊపులోనే అది కూడా వచ్చింది. ఆ ఉద్యమంలో దెబ్బలు తిన్నది నల్లజాతివాళ్ళు. నోవై, కాంటన్, ట్రాయ్ లాంటి డెట్రాయిట్ శివారు ఊళ్ళలో మన ఇళ్ళకి ఆ దెబ్బలతో సంబంధం ఉంది. అయినా "డెట్రాయిట్ వైపు వెళ్ళకండిరా" అనే మాట వింటూ పెరిగాం. నాకది బాధగానే ఉంటుంది. 1946లో అంబేడ్కర్, అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్‌కి ఉత్తరం రాశారు, నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన వినతిపత్రం ప్రతి కావాలని. అస్పృశ్యుల స్థితికీ అమెరికా నల్లజాతివాళ్ళ స్థితికీ పోలిక ఆయనకి స్పష్టంగా కనిపించింది. ఊరికి బయట వాడ ఎందుకుందో తెలిసిన తెలుగు పిల్లకి 8 మైల్ గోడని ఎవరూ వివరించక్కర్లేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. నాతోపాటు ఫెలోగా చేరిన ఒక నల్లజాతి అమ్మాయిని వేరే సంస్థలో ప్రతి ఫోటోకి, ప్రతి ప్యానెల్‌కి పిలిచేవాళ్ళు, గ్రాంట్ చర్చ మొదలయ్యేసరికి బయటికి పంపేవాళ్ళు. ఏడాది తిరక్కుండానే మానేసింది. తప్పు ఆ అమ్మాయిది కాదు.

చట్టం వాతావరణం కూడా మారింది. నల్లజాతి మహిళల వ్యాపారాలకి గ్రాంట్లిచ్చే అట్లాంటాలోని ఫియర్‌లెస్ ఫండ్ మీద 2023లో కేసు వేశారు. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్ళకోసం తెచ్చిన 1866 పౌరహక్కుల చట్టాన్నే దానిమీద వాడారు. 2024లో అప్పీల్ కోర్టు ఆ గ్రాంట్లని ఆపింది, రాజీలో ఆ పథకమే మూతపడింది. 2025 జనవరిలో వచ్చిన అధ్యక్షుడి ఉత్తర్వు, 50 కోట్ల డాలర్లకి పైబడిన ఫౌండేషన్లని కూడా పరిశీలించాల్సినవాటి జాబితాలో చేర్చింది. అందుకని కొన్నిచోట్ల "జాతి న్యాయం" అన్న మాట తీసేసి మరో పేరుతో అదే పని చేస్తున్నారు, కొన్నిచోట్ల పనే వదిలేశారు. మీ అమ్మాయి ఏది జరుగుతోందో ఇంటర్వ్యూలో నేరుగా అడగాలి.

ఇంకా ఇవి అడగమనండి. గ్రాంట్ చర్చల్లో కూర్చోనిస్తారా? మెమో తన పేరుతో బోర్డుకి వెళ్తుందా? నేర్పే మనిషి ఎవరు, ఆ మనిషికి ఎంత తీరిక ఉంది? ఇంతకుముందు ఫెలోలు ఇప్పుడెక్కడున్నారు? వాళ్ళలో ఇద్దరితోనైనా ఫోన్‌లో మాట్లాడించమంటే మంచి సంస్థ సంతోషంగా ఒప్పుకుంటుంది. ఫౌండేషన్లు ప్రభుత్వానికి వేసే 990-పీఎఫ్ ఫారం ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతుంది. ఎవరికి ఎంత ఇచ్చారో అందులో వరసగా ఉంటుంది. వెబ్‌సైట్‌లో రాసుకున్న మాటలకంటే దాన్ని నమ్మండి.

తర్వాత దారి గురించి: మా బ్యాచ్‌వాళ్ళలో ఒకరు ఫౌండేషన్‌లోనే ప్రోగ్రామ్ ఆఫీసర్, ఒకరు లా స్కూల్, ఒకరు సిటీ హౌసింగ్ విభాగం. నేను ఇళ్ళ సమస్యలమీద పనిచేసే నాన్‌ప్రాఫిట్‌లో ఉన్నాను.

వీసా మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఎఫ్-1 చదువు వీసా మీద ఉంటే ఓపీటీ, అంటే చదువయ్యాక పనిచేసుకునే అనుమతి, 12 నెలలే, ఫెలోషిప్ రెండేళ్ళు. మరో 24 నెలల పొడిగింపు రావాలంటే డిగ్రీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉండాలి, ఉద్యోగుల పని అనుమతిని ప్రభుత్వంతో సరిచూసుకునే ఈ-వెరిఫైలో సంస్థ నమోదై ఉండాలి. పబ్లిక్ పాలసీ డిగ్రీలు కొన్ని ఆ జాబితాలో ఉంటాయి, చాలావి ఉండవు. యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 కాగితం మీద సీఐపీ కోడ్, అంటే చదివిన కోర్సు సంఖ్య, చూస్తే తెలిసిపోతుంది. హెచ్-1బీ ఉద్యోగ వీసాకి యూనివర్సిటీలకున్నట్టు లాటరీనుంచి మినహాయింపు మామూలు ఫౌండేషన్లకి ఉండదు, కాబట్టి స్పాన్సర్ చేస్తారా లేదా అన్నది సంతకం పెట్టకముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. అవన్నీ సరిపోతే నేనైతే పంపమనే చెప్తాను. సంస్థ పేరు తీసేసి ఆఫర్‌లోని షరతులు ఇక్కడ పెడితే, నాకు తెలిసినంతవరకు చూసి చెప్తానండీ.